పాట చెవికి చేరేదాకా ఎవరి పూచీ?

2006 నవంబరు 14న మైక్రోసాఫ్ట్ అమెరికా మార్కెట్లోకి ‘జ్యూన్’ అనే మ్యూజిక్ ప్లేయర్‌ను దించింది. 30 గిగాబైట్ల డిస్కు, 3 అంగుళాల తెర, ఎఫ్ఎం రేడియో, పక్కవాడి ప్లేయర్‌కు వైరు లేకుండా పాట పంపే వైఫై. ధర 249 డాలర్ల 99 సెంట్లు. అదే 30 గిగాబైట్ల యాపిల్ ఐపాడ్ అప్పుడు 249 డాలర్లకు దొరికేది. దాని తెర రెండున్నర అంగుళాలే. రేడియో లేదు, వైఫై లేదు. రెండు డబ్బాల మీద రాసింది చదివి కొనేవాళ్లయితే జ్యూన్ వైపే మొగ్గాలి. అలా జరగలేదు. 2007 జూన్ నాటికి 10 లక్షల ప్లేయర్లు అమ్మాలని మైక్రోసాఫ్ట్ లక్ష్యం పెట్టుకుంది. 2006 చివరి మూడు నెలల్లోనే యాపిల్ 2 కోట్ల 10 లక్షల ఐపాడ్‌లు అమ్మింది.

ఈ తేడాకు ఇరవై ఏళ్లుగా మూడు జవాబులు వినిపిస్తున్నాయి. ప్రచార మహిమ అన్నది మొదటిది. కొన్నవాళ్లను కదలనివ్వకుండా యాపిల్ తాళం వేసిందన్నది రెండోది. స్టీవ్ జాబ్స్ అనే ఒక్క మనిషి ప్రతిభ అన్నది మూడోది. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. ఆ మూడూ కలిపినా అమ్మకాల లెక్క మాత్రం తేలదు. పాట కంపెనీ దగ్గర బయల్దేరి శ్రోత చెవికి చేరేదాకా మధ్యలో చాలా మజిలీలున్నాయి. పోటీదారులు ఆ దారిలో తమ వంతు ముక్కను మాత్రం బాగా తయారుచేసి, తక్కిన పని కొన్నవాడికి వదిలేశారు. దారి మొత్తానికీ పూచీ తీసుకున్న కంపెనీ ఒక్కటే. మార్కెట్ దాని వెంట నడిచింది.

లోపలి సరుకు అందరిదీ ఒకటే

ఐపాడ్ లోపల యాపిల్ కనిపెట్టిన అద్భుతమేదీ లేదు. మొదటి ఐపాడ్‌కు ప్రాణం తోషిబా తయారుచేసిన 1.8 అంగుళాల హార్డ్ డిస్కు. 2001 ఫిబ్రవరిలో యాపిల్ హార్డ్‌వేర్ అధిపతి జాన్ రూబిన్‌స్టీన్ జపాన్ వెళ్లినప్పుడు తోషిబా దాన్ని చూపించింది. ఇంత చిన్న డిస్కు దేనికి పనికొస్తుందో చేసినవాళ్లకే అప్పటికి స్పష్టత లేదు. తర్వాత తోషిబా కూడా ‘గిగాబీట్’ పేరుతో సొంత ప్లేయర్ తెచ్చింది. డిస్కు తనది, కర్మాగారం తనది, ఎలక్ట్రానిక్స్‌లో దశాబ్దాల పేరు తనది. అయినా ఐపాడ్ దరిదాపులకు రాలేకపోయింది.

మెదడు లాంటి చిప్ సంగతీ అంతే. అది కాలిఫోర్నియాలోని పోర్టల్‌ప్లేయర్ అనే చిన్న కంపెనీది. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ ఇంజనీర్ల బృందం ఉండేదన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. పోర్టల్‌ప్లేయర్ తన చిప్‌లను యాపిల్‌కు మాత్రమే అమ్మలేదు. 2004 నాటి ఐపాడ్‌లో వాడిన చిప్‌ల కుటుంబమే కొరియా కంపెనీ ఐరివర్ హెచ్10లోనూ, శామ్‌సంగ్ ప్లేయర్లు కొన్నింటిలోనూ ఉండేది. అవీ చక్కగా పాడేవి. వాటి పేర్లు ఇప్పుడు ఎందరికి గుర్తున్నాయి?

ఇంకా విచిత్రం 2004లో జరిగింది. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ ‘మువో2’ అనే ప్లేయర్‌ను 199 డాలర్లకు అమ్మింది. లోపల హిటాచీ వారి ఒక అంగుళం మైక్రోడ్రైవ్, 4 గిగాబైట్లది. ఆ డ్రైవ్‌ను విడిగా కొనాలంటే అంతకన్నా ఎక్కువ అయ్యేది. కెమెరాలున్న తెలివైనవాళ్లు మువో2 కొని, విప్పి, డ్రైవ్ పీకి కెమెరాలో పెట్టుకుని తక్కినది పారేశారు. అదే తరహా మైక్రోడ్రైవ్‌తో అదే ఏడాది యాపిల్ ‘ఐపాడ్ మినీ’ని 249 డాలర్లకు అమ్మితే, దుకాణాలు అడిగినన్ని ఇవ్వలేక వాయిదాలు వేశాయి. లోపలి భాగం ఒకటే అయినా ఒకచోట ప్లేయర్ కన్నా విడిభాగం విలువ ఎక్కువ, మరోచోట ప్లేయర్ విలువే ఎక్కువ. మధ్యలో ఏదో కలిసిందన్నమాట. దాన్ని పట్టుకుంటేనే ఈ కథ అర్థమవుతుంది.

సీడీ నుంచి చెవిదాకా

2000 ప్రాంతంలో అమెరికాలో ఒక మధ్యతరగతి శ్రోతను తీసుకుందాం. అతని అల్మారాలో 100 సీడీలున్నాయి. వాటిని జేబులో పెట్టుకు తిరగాలంటే ముందు ప్రతి సీడీనీ కంప్యూటర్లో పెట్టి పాటలుగా విడగొట్టాలి. ప్రతి పాటకూ పేరు, గాయకుడు, ఆల్బం వివరాలు చేర్చాలి. ఆపైన ప్లేయర్‌లోకి ఎక్కించాలి. ఎక్కించాక నడిరోడ్డు మీద బొటనవేలితో కావలసిన పాట వెతుక్కోవాలి. బ్యాటరీ అయిపోయేలోగా వినాలి. ఈ దారిలో ఏ ఒక్క మజిలీలో చిక్కుపడ్డా, మిగతా మజిలీలు ఎంత బాగున్నా ప్లేయర్ మూలపడుతుంది.

1998లో వచ్చిన రియో పీఎంపీ300లో 32 మెగాబైట్ల జాగా ఉండేది. పట్టేది ఒక ఆల్బం సరుకు. 2000లో క్రియేటివ్ తెచ్చిన నోమాడ్ జ్యూక్‌బాక్స్‌కు 6 గిగాబైట్లుండేవి, వందకు పైగా ఆల్బంలు పట్టేవి. కానీ అది సీడీ ప్లేయర్ అంత ఉండేది, జేబులో పట్టేది కాదు. కంప్యూటర్‌కు కలిపే తీగ పాత యూఎస్‌బీ, సెకనుకు 12 మెగాబిట్ల వేగం. 6 గిగాబైట్లూ నింపాలంటే గంటల తరబడి కాపలా కాయాలి. నింపాక వందల పేర్ల జాబితాలో మీట నొక్కుతూ, నొక్కుతూ కిందికి దిగాలి. క్రియేటివ్‌ను తక్కువ చేయనక్కర్లేదు. డిజిటల్ పాటలను జేబు పరికరానికి తెచ్చే పోటీలో అది యాపిల్ కన్నా ముందుంది. తరగతుల వారీగా పాటలు వెతికే పద్ధతి మీద 2005లో పేటెంటు కూడా సంపాదించింది. ఆ తగాదాలో 2006 ఆగస్టులో యాపిల్ దానికి 10 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. మొదట కనిపెట్టినవాడికి దక్కింది పరిహారం. మార్కెట్ దక్కలేదు.

యాపిల్ ఎక్కడ మొదలుపెట్టిందో చూడండి. 2000లో ‘సౌండ్‌జామ్’ అనే సాఫ్ట్‌వేర్‌ను కొనేసి, 2001 జనవరిలో దాన్ని ఐట్యూన్స్‌గా విడుదల చేసింది. పరికరాన్ని ఆవిష్కరించింది అదే ఏడాది అక్టోబరు 23న. అంటే పాటలను సీడీల నుంచి తీసి సర్దే పని ముందు తేలిక చేసి, ఆ సర్దినవాటిని మోసుకెళ్లే పెట్టెను తర్వాత తయారుచేసింది. కంప్యూటర్‌కు కలపడానికి సెకనుకు 400 మెగాబిట్ల ఫైర్‌వైర్ పెట్టింది. 1,000 పాటలు 10 నిమిషాల లోపే ఎక్కుతాయని చెప్పుకుంది. ఆ తీగే బ్యాటరీనీ నింపేది. ఏ పాట ఎక్కించాలి, ఏది తీసేయాలి అన్న బెడద లేదు. తీగ తగిలించగానే ఐట్యూన్స్ తనంతట తాను తెరుచుకుని కంప్యూటర్లో ఉన్నదానికి ప్లేయర్లో ఉన్నదాన్ని సరిచేసేది.

ఇక చక్రం. అప్పటి యాపిల్ మార్కెటింగ్ అధిపతి ఫిల్ షిల్లర్ సూచించిన ఏర్పాటది. బొటనవేలు నెమ్మదిగా తిప్పితే జాబితా ఒక్కో పేరు కదులుతుంది. ఆపకుండా తిప్పుతూ ఉంటే వేగం పుంజుకుంటుంది. ‘ఎ’ దగ్గర మొదలైన వేలు కొద్ది సెకన్లలో ‘జెడ్’ దగ్గరుంటుంది. చీకట్లో, జేబులో, చూడకుండా కూడా పనిచేస్తుంది. లక్షణాల పట్టికలో ఈ చక్రానికి గడి ఉండదు. ‘రేడియో: ఉంది’, ‘రికార్డింగ్: ఉంది’ అని రాసుకోవచ్చు కానీ ‘పాట దొరకడానికి పట్టే సమయం’ అని ఏ డబ్బా మీదా రాయరు. 2003లో ఐరివర్ తెచ్చిన ఐహెచ్‌పీ-120లో రేడియో, మైకు, ఆప్టికల్ తీగతో రికార్డింగ్, తెర ఉన్న రిమోట్, ఇంకా ఎన్నో ఉండేవి. తెలిసినవాళ్లు ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటారు. పోటీదారులు సంబారాలన్నీ మేలురకానివి తెచ్చి కొన్నవాడి ముందు పోశారు. యాపిల్ వడ్డించిన విస్తరి పెట్టింది.

అంకెల్లో దొరికే ఆధారం

ఇదంతా తర్వాత తీరిగ్గా అల్లిన కథ కాదా అనే అనుమానం సహజం. అందుకే అమ్మకాల క్రమం చూడాలి. ఐపాడ్ తొలిరోజు నుంచే ఎగబడి కొన్న వస్తువు కాదు. 399 డాలర్ల ధరకు విమర్శలు వచ్చాయి. నోమాడ్ కన్నా జాగా తక్కువనీ, వైర్‌లెస్ లేదనీ సాంకేతిక నిపుణులు పెదవి విరిచారు. 2001 ముగిసేసరికి అమ్ముడైనవి 1,25,000. 2003 సెప్టెంబరుతో ముగిసిన ఆర్థిక సంవత్సరంలోనూ లెక్క 10 లక్షలకు లోపే. మరుసటి ఏడాది 44 లక్షలు. ఆ మరుసటి ఏడాది 2 కోట్ల 25 లక్షలు.

మధ్యలో ఏం జరిగింది? మొదట్లో ఐపాడ్ మ్యాక్ కంప్యూటర్లకే పనిచేసేది. వందమందిలో అయిదుగురి దగ్గర కూడా మ్యాక్ లేని కాలమది. 2002లో విండోస్ వాళ్ల కోసం వచ్చిన ఐపాడ్‌తో ‘మ్యూజిక్‌మ్యాచ్’ అనే బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. పరికరం అదే, చక్రం అదే. అమ్మకాలు పెరిగాయి గానీ ఉప్పొంగలేదు. 2003 ఏప్రిల్ 28న పాటల దుకాణం తెరిచారు. 2 లక్షల పాటలు, పాట 99 సెంట్లు. తొలి వారంలోనే 10 లక్షల పాటలు అమ్ముడయ్యాయి. అదే ఏడాది అక్టోబరు 16న ఐట్యూన్స్ విండోస్‌కు వచ్చింది. 2004లో మినీ వచ్చింది. అక్కడినుంచి గీత నిటారుగా లేచింది. ఈ మూడింట్లో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం. కానీ పరికరం ఒక్కటే కారణమైతే 2002లోనే విండోస్ జనం ఎగబడి ఉండాలి. దారిలోని చివరి ఖాళీలు పూడ్చాకే అమ్మకాలు ఊపందుకున్నాయి.

ప్రచారం వాదన ఇక్కడే బలహీనపడుతుంది. రంగురంగుల గోడల మీద నల్లని నీడలు నాట్యం చేస్తుంటే తెల్లని ఇయర్‌ఫోన్ తీగలు మాత్రం మెరిసే ప్రకటనలు 2003లో మొదలయ్యాయి. అవి ఐపాడ్‌ను హోదా చిహ్నంగా మార్చిన మాట నిజం. జేబులో దాగే వస్తువుకు మెడలో వేలాడే గుర్తు దొరికింది. అయితే ప్రకటన ఒకసారి కొనిపిస్తుంది. కొన్నవాడు పక్కవాడికి సిఫారసు చేయాలంటే వస్తువు ఇంట్లో పేచీ పెట్టకూడదు. జ్యూన్ వెనకా మైక్రోసాఫ్ట్ డబ్బుంది, ప్రకటనలున్నాయి. అవి దాన్ని మోయలేకపోయాయి.

యాపిల్ దుకాణంలో కొన్న పాటలు ఇతర ప్లేయర్లలో మోగవన్న తాళం వాదనను స్వయంగా జాబ్స్ చెప్పిన లెక్కతో తూచవచ్చు. 2007 ఫిబ్రవరిలో రాసిన బహిరంగ వ్యాసంలో ఆయన, 2006 చివరికి 9 కోట్ల ఐపాడ్‌లు, 200 కోట్ల పాటలు అమ్మామన్నాడు. సగటున ఒక్కో ఐపాడ్‌కు 22 పాటలు. వెయ్యి పాటలు పట్టే పరికరంలో అవి 3 శాతం కూడా కావు. మిగిలినవన్నీ ఏ ప్లేయర్‌లోనైనా మోగే మామూలు ఫైళ్లే. చెప్పింది ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషే కాబట్టి కాస్త తగ్గించి తీసుకోవాలి. పాటలు కొనని లక్షలమందిని కలిపి తీసిన సగటు, వందల పాటలు కొన్నవాడి ఇరకాటాన్ని దాచేస్తుంది కూడా. అయినా ఒక్కటి స్పష్టం. ఎక్కువమంది ఐపాడ్‌ను వదలకపోవడానికి తాళం కారణం కాదు. వదిలి వెళ్లడానికి వాళ్లకు మెరుగైన చోటు కనబడలేదు.

అన్నీ ఉన్న సోనీ, అందరితో పొత్తున్న మైక్రోసాఫ్ట్

ఈ పోటీ గెలవాల్సిన కంపెనీ ఏదైనా ఉంటే అది సోనీ. నడుస్తూ పాట వినడాన్ని 1979లో వాక్‌మన్‌తో ప్రపంచానికి అలవాటు చేసింది అదే. 1988లో సీబీఎస్ రికార్డ్స్‌ను కొని పాటల కంపెనీ కూడా అయింది. బ్యాటరీ, చిన్న పరికరాలు, కంప్యూటర్లు అన్నీ ఇంట్లోనే. ఆ ఇల్లే దాన్ని ఓడించింది. పాటల విభాగానికి కాపీల భయం, పరికరాల విభాగానికి అమ్మకాల ఆశ. రెండిటి మధ్య నలిగి పుట్టిన సాఫ్ట్‌వేర్ శ్రోతను దొంగలా చూసింది. ఒక పాటను మూడు పరికరాలకు మించి ఎక్కించుకోకుండా లెక్కపెట్టేది. అంతకు మించి ఎక్కించాలంటే ముందు ఎక్కించినచోట నుంచి వెనక్కి ‘జమ’ చేయాలి. 2004లో వచ్చిన హార్డ్ డిస్క్ వాక్‌మన్ ఎన్‌డబ్ల్యూ-హెచ్‌డీ1 ఐపాడ్ కన్నా చిన్నది, బ్యాటరీ ఎక్కువ వచ్చేది. కానీ ప్రపంచమంతా వాడుతున్న ఎంపీ3 ఫైళ్లను నేరుగా పాడేది కాదు. ప్రతి పాటనూ సోనీ సొంత పద్ధతి ఆట్రాక్‌లోకి మార్చి ఎక్కించాలి. ఏడాది తిరక్కముందే తర్వాతి మోడల్‌లో దిద్దుకున్నా అప్పటికే ఆలస్యమైంది.

మైక్రోసాఫ్ట్ దారి వేరు. కంప్యూటర్ల రంగంలో గెలిపించిన సూత్రాన్నే ఇక్కడా నమ్మింది. సాఫ్ట్‌వేర్ తనది, పరికరాలు పదిమందివి, పాటల దుకాణాలు ఇంకో పదిమందివి. 2004లో ‘ప్లేస్ ఫర్ ష్యూర్’ అనే ముద్ర తెచ్చి, ఆ ముద్ర ఉన్న ప్లేయర్‌లో ఆ ముద్ర ఉన్న దుకాణం పాట తప్పక మోగుతుందని హామీ ఇచ్చింది. కాగితం మీద కొన్నవాడికి బోలెడు స్వేచ్ఛ. పాట మోగనప్పుడు మాత్రం ప్లేయర్ కంపెనీ దుకాణాన్ని చూపించేది, దుకాణం విండోస్‌ను చూపించేది. ‘మాది కాదు’ అన్న జవాబే అందరి దగ్గరా దొరికేది. చివరికి మైక్రోసాఫ్టే విసిగి 2006లో జ్యూన్ తెచ్చినప్పుడు, తన ముద్ర వేసిన దుకాణాల్లో కొన్న పాటలను అందులో మోగనివ్వలేదు. తనను నమ్మిన కొనుగోలుదారులనూ, భాగస్వాములనూ ఒకేసారి నట్టేట ముంచింది. వైఫైలో మిత్రుడికి పంపిన పాట మూడు రోజులకో, మూడుసార్లు వినగానో మూగబోయేది. పైగా పంపాలంటే మిత్రుడి దగ్గరా జ్యూన్ ఉండాలి కదా! 2008 డిసెంబరు 31న లీపు సంవత్సరం లెక్కలో తప్పు దొర్లి, 30 గిగాబైట్ల జ్యూన్‌లు ప్రపంచవ్యాప్తంగా ఒకేరోజు మొరాయించాయి. 2011లో మైక్రోసాఫ్ట్ జ్యూన్ ప్లేయర్ల తయారీ ఆపేసింది.

ధరలో దెబ్బతీద్దామన్నవాళ్లకూ సందు దొరకలేదు. 2005 సెప్టెంబరులో, బ్రహ్మాండంగా అమ్ముడవుతున్న మినీని యాపిల్ తానే ఆపేసి, డిస్కు లేని ‘నానో’ను తెచ్చింది. ఆ నవంబరులో శామ్‌సంగ్, హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, తోషిబాలకు 125 కోట్ల డాలర్లు ముందే చెల్లించి 2010 దాకా ఫ్లాష్ మెమరీ సరఫరా ఖాయం చేసుకుంది. మంచి పేరు తెచ్చిన సంపాదన చవక ముడిసరుకుకు దారితీసింది. ఆ చవకతో పోటీదారుల ధరకే మేలైన వస్తువు ఇవ్వగలిగింది. కార్ల కంపెనీలు, స్పీకర్ల కంపెనీలు ఐపాడ్ అడుగున ఉండే ఆ వెడల్పాటి సాకెట్‌కు సరిపోయేలా తమ వస్తువులు మార్చుకున్నాయి. గెలుపు గెలుపును పెంచే దశకు చేరాక సాంకేతిక సమానత్వం పోటీదారులకు ఏ మాత్రం అక్కరకు రాలేదు.

పూచీ తీసుకున్నవాడి చేతిలోనే తాళంచెవి

ఈ పద్ధతికి చీకటి కోణం ఉంది. అన్నీ నేనే చూసుకుంటానన్నవాడు అన్నీ తన అదుపులోనే ఉంచుకుంటాడు. ఐపాడ్ బ్యాటరీని కొన్నవాడు మార్చుకునే వీల్లేకుండా బిగించారు. అది త్వరగా పాడవుతోందని అమెరికాలో సామూహిక దావా పడి, 2005లో యాపిల్ 50 డాలర్ల కూపన్లతో రాజీకి వచ్చింది. 2004లో రియల్‌నెట్‌వర్క్స్ తన దుకాణం పాటలు ఐపాడ్‌లో మోగేలా ఉపాయం కనిపెడితే, యాపిల్ సాఫ్ట్‌వేర్ మార్చి ఆ తలుపు మూసేసింది. నార్వేలో వినియోగదారుల హక్కుల అధికారులు పాటల తాళం మీద పోరాడారు. పాటల కంపెనీల ఒత్తిడీ సడలాక, 2009లో గానీ దుకాణంలోని పాటలన్నిటికీ ఆ తాళం తీయలేదు. సౌఖ్యానికి మారుగా స్వేచ్ఛలో కొంత భాగం చెల్లించడం అప్పుడు మొదలైంది. నేడు ఫోన్లలో ఆ చెల్లింపు మరీ పెరిగింది.

తెలుగునాట ఎందుకు గెలవలేదు?

ఒక పరికరం సొంత బలంతోనే గెలిస్తే అన్నిచోట్లా గెలవాలి. ఐపాడ్ మన దగ్గర గెలవలేదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన అబ్బాయో, అమ్మాయో తెచ్చిన కానుకగానే అది ఎక్కువ ఇళ్లలోకి వచ్చింది. ధర ఒక కారణం. అసలు కారణం, ఇక్కడ దాని దారి తెగిపోయి ఉండటం. ఐట్యూన్స్ దుకాణం భారత్‌లో తెరిచింది 2012 డిసెంబరులో. అంతదాకా తెలుగు పాటలు ఎంపీ3 సీడీల నుంచీ, ఉచిత వెబ్‌సైట్ల నుంచీ వచ్చేవి. ఆ ఫైళ్లలో గాయకుడి పేరుండాల్సిన చోట వెబ్‌సైట్ పేరుండేది. సినిమా పేరుండాల్సిన చోట ఏమీ ఉండేది కాదు, ఉంటే ‘ట్రాక్ 01’. ఫోల్డర్లు చూపించకుండా గాయకుడు, ఆల్బం వారీగానే పాటలు చూపించే ఐపాడ్‌లో అవి పడితే బాలు, సుశీల, ఘంటసాల అందరూ ఒకే వెబ్‌సైట్ పేరు కింద కుప్పగా కనిపించేవారు. అమెరికాలో వరమైన చక్రం ఇక్కడ ఆ కుప్పలో తిరిగేది.

మన ఊళ్లలో ఆ ఖాళీని పూడ్చింది సెల్ షాపు. మెమరీ కార్డు తీసి గల్లా మీద పెట్టి, ‘తమ్ముడూ, మా నాన్నకి ఘంటసాల పాతవి ఎక్కించు, పిల్లలకి కొత్త సినిమాలవి ఎయ్యి’ అంటే చాలు. పావుగంటలో వందల పాటలు సినిమా పేర్లతో ఫోల్డర్లుగా సర్ది ఇచ్చేవాడు. ఇంట్లో మోగకపోతే మర్నాడు వెళ్లి అడగొచ్చు. అతను చేసింది చట్టం ప్రకారం దొంగకాపీ. దానివల్ల పాట కట్టినవాడికీ, పాడినవాడికీ పైసా ముట్టలేదు. కానీ కొన్నవాడి వైపు నుంచి చూస్తే, అమెరికాలో ఐట్యూన్స్ చేసిన పని ఇక్కడ ఆ కుర్రాడు చేశాడు. మెమరీ కార్డు పట్టే ఫోన్లు మన పల్లెల్లో గెలిచాయంటే సగం ఘనత అతనిదే. 2017లో సరిగమ కంపెనీ 5,000 పాత హిందీ పాటలు ముందే నింపి తెచ్చిన ‘కారవాన్’ రేడియోపెట్టె కూడా ఇదే సూత్రం మీద నడిచింది. సాంకేతికంగా చూస్తే మామూలు స్పీకరే. పెద్దవాళ్లకు డౌన్‌లోడ్, పాస్‌వర్డ్, ఇంటర్నెట్ బెడద లేకుండా చేసింది కాబట్టే అమ్ముడైంది.

మనం ఏ వంతు తీసుకుంటున్నాం?

ఐపాడ్ అమ్మకాలు 2008 ఆర్థిక సంవత్సరంలో 5 కోట్ల 48 లక్షలతో శిఖరం చేరి, ఆపైన తగ్గాయి. దాన్ని దించింది యాపిల్ సొంత ఐఫోనే. 2022 మే 10న చివరి మోడల్‌కూ మంగళం పాడారు. వస్తువు పోయినా దాని ఆర్థిక పాఠం మన రెండు రాష్ట్రాలకూ ఇప్పుడే ఎక్కువ అవసరం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ పరిశోధకులు 2007లో ఒక ఐపాడ్‌ను విప్పి లెక్క కట్టారు. ధర తగ్గించకముందు 299 డాలర్లకు అమ్మిన 30 గిగాబైట్ల ఐపాడ్‌లో తోషిబా డిస్కు ఖరీదు సుమారు 73 డాలర్లు. యాపిల్‌కు మిగిలింది సుమారు 80 డాలర్లు. చైనాలో భాగాలన్నీ బిగించి, పరీక్షించి, వస్తువుగా చేసిన పనికి దక్కింది 4 డాలర్ల లోపు. చిప్ ఇచ్చిన పోర్టల్‌ప్లేయర్ పరిస్థితి ఇంకో పాఠం. 2006లో యాపిల్ కొత్త నానోకు వేరే చిప్ ఎంచుకోగానే ఆ కంపెనీ షేరు కుప్పకూలింది. మరుసటి ఏడాదికల్లా ఎన్‌విడియా దాన్ని కొనేసింది. ప్రపంచాన్ని ఊపిన వస్తువులో హైదరాబాద్ ఇంజనీర్ల శ్రమ ఉంది, కానీ ఆ వస్తువు భవిష్యత్తు మీద హైదరాబాద్‌కు మాట చెల్లలేదు.

నేడు హైదరాబాద్ శివారు కొంగర కలాన్‌లోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో యాపిల్ ఇయర్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి. వేలమందికి ఉపాధి. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు, చైనా కూడా బిగించడంతోనే మొదలుపెట్టింది. తేడా ఏమిటంటే అది అక్కడితో ఆగలేదు. మన ప్రభుత్వాలు ఎలక్ట్రానిక్స్ పెట్టుబడుల గురించి ప్రకటించేటప్పుడు ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అన్న మూడు లెక్కలే చెబుతున్నాయి. నాలుగో లెక్క కూడా చెప్పాలి: తుది వస్తువుకు, దాని సాఫ్ట్‌వేర్‌కు, అమ్మాక వచ్చే ఫిర్యాదుకు జవాబుదారీగా ఉండే కంపెనీలు ఇక్కడ ఎన్ని పుట్టాయి? రాయితీల్లో కొంత భాగమైనా ఆ లెక్కకు ముడిపెట్టాలి. ప్రభుత్వాలు బడులకు ట్యాబ్‌లు, ఆసుపత్రులకు యంత్రాలు కొనేటప్పుడు తక్కువ ధర వేసినవాడికే టెండరు కట్టబెట్టకుండా, అయిదేళ్లు నడిపించే పూచీ ఇచ్చినవాడికి మార్కులు ఎక్కువ వేయాలి. అలాంటి కొనుగోలుదారు ఇంట్లో ఉంటేనే అలాంటి కంపెనీలు పెరుగుతాయి.

మంచి చిప్, మంచి డిస్కు, నైపుణ్యం ఉన్న చేతులు డబ్బిస్తే ఎవరికైనా దొరుకుతాయి. ఐపాడ్ పోటీదారులందరికీ దొరికాయి. అటు మొదలు నుంచి ఇటు తుది దాకా పని నాదే, తప్పూ నాదే అని నిలబడే సంస్థ అరుదు. 80 డాలర్లు ఒకరికి, 4 డాలర్లు మరొకరికి దక్కడంలో న్యాయం ఉందా అన్నది వేరే చర్చ. ఆ పంపకంలో మన వాటా పెరగాలంటే మాత్రం, బిగించి పంపే పనితో పాటు నిలబడి జవాబు చెప్పే పనిని కూడా మనం నెత్తికెత్తుకోవాలి.